పాట నీది, తాళంచెవి ఎవని దగ్గరున్నది?

పోయిన నెల మా పక్కింటి పోరడు పొద్దుగాల ఆరు కొట్టంగనే వచ్చి తలుపు కొట్టిండు. చేతుల లాప్‌టాప్ ఉన్నది. మొఖం జూస్తె ఇంట్ల ఎవలో పోయినట్టే ఉన్నడు. "కాకా, పాటలన్ని పోయినయే" అన్నడు.

వాడు డిగ్రీ సగంల ఇడిసిపెట్టి, ఇంటెనక రేకుల అర్రల గోడలకు పాత పరుపులు, కోడిగుడ్ల అట్టలు కొట్టి రికార్డింగ్ రూం చేసుకున్నడు. మూడేండ్ల సంది చుట్టుపక్కల ఊర్ల పాటలన్ని ఆ అర్రలనే పుడుతున్నయి. బతుకమ్మ పాటలు, పెండ్లి పాటలు, బోనాలకు డీజే పాటలు, ఎలచ్చన్లు వస్తె సర్పంచ్ క్యాండిడేట్ల పాటలు. వాని సాఫ్ట్‌వేర్ క్రాక్. ఏదో సైట్ల దొరికిందట. ఎక్కించేముందు యాంటీవైరస్ బందు పెట్టుమని ఆడ రాసి ఉంటె, అట్లనే బందు పెట్టి ఎక్కించిండు. రెండేండ్లు మంచిగనే నడిచింది. ఓ రాత్రి సూస్తె ప్రతి ఫైల్ పేరెనుక ఏదో తోక తగిలి ఉన్నది, ఏదీ తెరుసుకుంటలేదు. పైసలు కడితెనే ఇప్పుతమని ఇంగ్లీషుల ఒక నోటీసు.

అండ్ల మా ఊరి ముసలవ్వ ఒకామె పాడిన నాట్ల పాటలు ఉన్నయి. పద్నాలుగు పాటలు. ఆమె సంక్రాంతికి ముందు కాలం జేసింది. ఇంక ఆ పాటలు ఆ తీరుగ పాడేటోళ్లు మా ఊర్ల లేరు.

వాన్ని తిట్టబుద్ధి కాలె నాకు. ఎందుకంటె నేను సుత అదే పని చేసిన. 2010ల తెలంగాణ ఉద్యమం జోరుమీదున్నప్పుడు ధూంధాంలకు పాటలు కావాలె, సీడీలు కావాలె. ఒక దోస్తు ఇంట్ల పాత కంప్యూటర్, ఇరవై రూపాయల సీడీల కొన్న దొంగ సాఫ్ట్‌వేర్, ఒక మైకు. రాత్రంత పాడుడు, తెల్లారి సీడీలు కొట్టుడు. ఇయ్యాల ఆ ప్రాజెక్టు ఫైళ్లు నా దగ్గరున్నయి, కని ఒక్కటి గూడ తెరుసుకోదు. ఆ సాఫ్ట్‌వేర్ ఏ వర్షన్‌దో, దానికి ఏ ప్లగిన్ కావాల్నో ఎవలకు యాదికి లేదు. మిగిలింది అరిగిపోయిన ఎంపీత్రీలు. గొంతును దప్పు సప్పుడుకెళ్లి వేరు చేసి మల్ల మంచిగ మిక్సింగ్ చేద్దామంటె తోవ లేదు. పాడినోళ్లల్ల ఇద్దరు ఇప్పుడు లేరు.

అందుకే తమ్మీ, చెల్లె, "అన్నా ఏ సాఫ్ట్‌వేర్ బెస్టు" అని మీరు అడిగినప్పుడల్ల నాకు ఒక్కటే ఎదురు ప్రశ్న వస్తది. ఇంకో పదేండ్లకు నీ పాట తెరుసుకుంటదా? తెరువాల్నంటె ఎవని ఇజాజత్ కావాలె?

జర లైసెన్స్ ముచ్చట మాట్లాడుకుందాం. పేరు ఇంగ్లీషుదే కని సంగతి మనకు ఎరుకైందే. సాఫ్ట్‌వేర్ "కొన్న" అంటరు గని, కొన్నది వాడుకునే అనుమతి. భూమి లెక్క జూస్తె సమజైతది. నెలనెలా కట్టేది కౌలు. కట్టినన్ని దినాలు దున్నుకోవచ్చు, కట్టుడు ఆపిన్నాడు గట్టు మీదికెళ్లి దిగాలె. ఒక్కసారి కట్టి ఎప్పటికి వాడుకునేది పట్టా లెక్క కొడుతది, కని అండ్ల గూడ షరతులు ఉంటయి. ఇగ మూడోది ఊరుమ్మడి చెరువు అసువంటిది. దాన్ని చేసినోళ్లే రాసిచ్చిన్రు, ఎవలన్న వాడుకోవచ్చు, లోపల ఎట్ల పనిజేస్తదో సూడొచ్చు, మార్చొచ్చు, పదిమందికి పంచొచ్చు అని. దీన్నే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ అంటున్నరు. క్రాక్ ఈ మూడిట్ల ఏదీ కాదు. కాయితం లేని భూమి. నడిచినన్ని దినాలు నడుస్తది, ఎవడన్న వచ్చి లేపితె అడిగే హక్కు ఉండది.

కౌలు ముచ్చట ఎక్కువ చెప్పక్కర లేదు. ధరణి వచ్చినంక అనుభవదారు కాలం ఎగిరిపోయి, కౌలు రైతు కాయితాలల్ల కానరాకుంట ఎట్ల పోయిండో సూసినోళ్లమే. సాఫ్ట్‌వేర్ల ఈ కౌలు పద్ధతిని పెద్దగ జేసింది అడోబ్. 2013ల పాత తీరుగ అమ్ముడు ఆపుతమని చెప్పి నెల కిరాయి పెట్టింది. ఫ్లెక్సీలు కొట్టేటోళ్లకు, ఫొటో స్టూడియోలోళ్లకు ఎరుకే ఇది. సంగీతంల సుత అదే గాలి వీసింది. వేవ్స్ అని ఇజ్రాయెల్ కంపెనీ ఉన్నది, దాని ప్లగిన్లు లేని పెద్ద స్టూడియో ఉండదు. 2023 మార్చిల అది ఇగ నుంచి ఒక్కసారి అమ్ముడు బందు, అంత చందా పద్ధతే అని ప్రకటించింది. ప్రపంచమంత ఉన్న మిక్సింగ్ ఇంజనీర్లు మండిపడ్డరు. వారం తిరుగకముందే కంపెనీ ఎనుకకు తగ్గి, పాత తీరుగ గూడ అమ్ముతమన్నది. లొల్లి చేస్తె పని అయితదని ఇక్కడ గూడ తేలింది. కని అందరు కలిసి లొల్లి చేస్తెనే.

పట్టా అనుకున్నది గూడ ఎట్ల చేజారుతదో కేక్‌వాక్ కథ ఇనుండ్రి. సోనార్ అని దాని సాఫ్ట్‌వేర్ మస్తు మంది వాడేటోళ్లు. 2016ల ఆ కంపెనీ, ఇప్పుడు కొంటె జీవితకాలం అప్‌డేట్లు ఉచితం అని చెప్పి అమ్మింది. 2017 నవంబర్ల దాని యజమాని, గిటార్లు చేసే గిబ్సన్ కంపెనీ, కేక్‌వాక్ దుకాణం మూసేసింది. జీవితకాలం అంటె కొన్నోని జీవితకాలం అనుకున్నరు జనం. అది కంపెనీ జీవితకాలం. తర్వాత 2018ల సింగపూర్‌కు చెందిన బ్యాండ్‌ల్యాబ్ దాన్ని కొని అందరికి ఉచితంగ ఇచ్చింది. మన దగ్గర గూడ చాన మంది దించుకున్నరు, నేను గూడ ఇద్దరు ముగ్గురికి ఎక్కించిచ్చిన. అది గూడ లాగిన్ అయి నడుమ నడుమ యాక్టివేట్ చేసుకుంటెనే పనిజేసేది. 2023ల మల్ల, దీని జాగల కొత్త సోనార్ వస్తది, ఇది ఆగుతది అన్నరు. ఉచితం, స్వేచ్ఛ రెండు ఒకటే కాదని నాకు ఆడ సమజైంది. ఉచితంగ ఇచ్చినోడు ఎప్పుడన్న చెయ్యి ఎనుకకు తీసుకోవచ్చు.

మన పోరగాళ్లు ఎక్కువ వాడేది ఎఫ్ఎల్ స్టూడియో. బెల్జియం కంపెనీది, 1990ల ఆఖరుకు ఫ్రూటీలూప్స్ పేరుతోని వచ్చింది. బీటు కట్టుడుకు దాన్ని కొట్టింది లేదు, అది ఒప్పుకోవాలె. ఒక్కసారి కొంటె తర్వాత వచ్చే వర్షన్లన్ని ఉచితంగ ఇస్తున్నరు, ఇన్నేండ్లల్ల ఆ మాట తప్పలె. కని రెండు సంగతులు సూసుకోవాలె. ట్రయల్ వర్షన్ల అన్ని పనిజేస్తయి, పాట బయటికి తీయొచ్చు, కని సేవ్ చేసిన ప్రాజెక్టును కొనేదాక మల్ల తెరువనియ్యది. రెండోది, దాంట్ల తక్కువ ధరకెళ్లి ఎక్కువ ధర దాక మెట్లు ఉన్నయి. చాన ఏండ్లు అడుగు మెట్టుల గొంతు రికార్డింగే లేకుండె. తక్కువల వస్తుందని కొన్నోళ్లు మైకు పెట్టి సూసి మోసపోయినట్టు అయిన్రు. కొనేముందు ఏ మెట్టుల ఏమున్నదో కంపెనీ పట్టిక పెట్టింది, అది సదువాలె. జానపదం చేసేటోనికి గొంతు రికార్డింగ్ లేని సాఫ్ట్‌వేర్ ఎడ్లు లేని బండి.

నాకు నచ్చింది రీపర్. పాత రోజుల్ల అందరు పాటలిన్న విన్‌యాంప్ యాదికున్నదా? దాన్ని చేసిన జస్టిన్ ఫ్రాంకెలే దీన్ని చేసిండు. దించుకునే ఫైల్ 15-20 ఎంబీ మాత్రమే, ఊర్ల సిగ్నల్ ఒక్క గీత ఉన్నా దిగుతది. 4 జీబీ ర్యామ్ పాత లాప్‌టాప్ల నడుస్తది. 60 దినాలు పరీక్ష కోసం ఉచితం, అన్ని ఫీచర్లతోని. ఆ తర్వాత గూడ బందు కాదు, తెరిచినప్పుడల్ల "కొనుమని" ఒక పెట్టె కనవడ్తది. నా మనసుకు పట్టింది ఇంకోటి. దాని ప్రాజెక్టు ఫైల్ మామూలు అక్షరాల ఫైల్. నోట్‌ప్యాడ్ల తెరిస్తె గూడ ఏ పాట ముక్క ఏ ఫోల్డర్ల ఉన్నదో సదువొచ్చు. కంపెనీ రేపు మూతవడ్డా నీ పాట లెక్క నీకు దొరుకుతది.

ధర ముచ్చట. సొంతంగ వాడేటోళ్లకు, పాటలతోని సంపాదించినా ఏడాదికి వచ్చేది 20 వేల డాలర్లు దాటనోళ్లకు, 60 డాలర్లు. దాటినోళ్లకు 225 డాలర్లు. మన దగ్గర 20 వేల డాలర్లంటె పదిహేడు పద్దెనిమిది లక్షలు. రేకుల అర్రల స్టూడియోకు అంత వస్తె నేను సంతోషంగ 225 కట్టిపిస్త. 60 డాలర్లంటె ఐదు వేల పైచిలుకు. 2025-26ల మనకాడ ఉపాధి హామీ కూలి రోజుకు 307 రూపాయలు. లెక్క కట్టుండ్రి, పదిహేడు దినాల కూలి. అమెరికల సగటు జీతం ఉన్నోనికి అది సగం దినం కూలి గూడ కాదు. ఒకే ధర అందరికి సమానం అనేది కాయితం మీది సమానత్వం. నెత్తిన 18 శాతం జీఎస్టీ కలిస్తె ఇంకింత. క్రాక్ ఎక్కించే పోరన్ని "దొంగ" అనేటోళ్లు ముందుగాల ఈ లెక్క కట్టాలె.

అట్లని చట్టం ఊకుంటదా? 1957 కాపీరైట్ చట్టంల 63బి సెక్షన్ ఉన్నది. దొంగ కాపీ అని తెలిసి గూడ కంప్యూటర్‌ల ఆ ప్రోగ్రాం వాడితె ఏడు దినాలకు తక్కువ కాకుంట మూడేండ్ల దాక జైలు, 50 వేలకు తక్కువ కాకుంట 2 లక్షల దాక జరిమాన. వ్యాపారానికి, లాభానికి వాడలేదని తేలితె కోర్టు జైలు లేకుంట 50 వేల లోపు జరిమానతోని ఇడువొచ్చు. ఇండ్ల మన మీద పడే మాట "లాభానికి" అనేది. పెండ్లి పాటకు మూడు వేలు తీసుకున్నవా, నువ్వు వ్యాపారం చేసినట్టే. ఇంట్ల నేర్చుకునే పిలగానికి, పైసలు తీసుకునే స్టూడియోకు చట్టం వేరు వేరు తరాజు పెట్టింది. నేను ఎవల్ని బెదిరిస్తలేను. ఎలచ్చన్ల పాట చేసిచ్చిన స్టూడియో మీద ఎదుటి పార్టీ వాడు కన్నేస్తె చేతికి దొరికే కట్టె ఇదే అని చెప్తున్న.

కొందామని మనసు వడ్డా కొనుడు అంత సులువు కాదు. విదేశీ సైట్ల మన ఊరి బ్యాంకు డెబిట్ కార్డు పెట్టి సూడుండ్రి. బయటి దేశం చెల్లింపులు మొదలుకెళ్లి బందు ఉంటయి, బ్యాంకు యాప్‌ల పోయి తెరువాలె, చాన కార్డులు అయినా గూడ ఎక్కవు. ఇగ నెలనెలా కోసుకునే చందాలకు రిజర్వ్ బ్యాంక్ 2021 అక్టోబర్ 1 నుంచి కొత్త నియమం తెచ్చింది. మన పైసలు మనకు తెలువకుంట పోవద్దని తెచ్చింది, మంచిదే. కని దానికి తగ్గట్టు సర్దుకోని విదేశీ కంపెనీల చందాలు మన కార్డుల మీద ఆగిపోయినయి. మా మండల కేంద్రంల ఒక తమ్ముడు చందా మీద ఒక సాఫ్ట్‌వేర్ వాడేది. పెండ్లిళ్ల సీజన్ల, తెల్లారితె పాట ఇయ్యాల్సిన రాత్రి, కార్డు తిరగబడ్డది. ప్రాజెక్టు కండ్ల ముందట కనవడ్తది, ముట్టుకోనియ్యది. ఆ పెండ్లికి వేరే పాట వేసిన్రు. బయాన తిరిగి ఇచ్చిండు.

స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ల ఏమేమున్నయి? ఆడాసిటీ అందరికి ఎరుకే. 2000ల అమెరికల ఒక యూనివర్సిటీ విద్యార్థి, ఆయన సారు కలిసి విడుదల చేసిన్రు. గొంతు రికార్డ్ చేసుకునుడు, కోసుకునుడు, సప్పుడు సాఫ్ చేసుకునుడు దాంట్ల అయితయి. 2021ల మ్యూజ్ గ్రూప్ చేతికి పోయినప్పుడు, వాడేటోళ్ల సమాచారం సేకరించే ఆలోచన చేస్తె జనం ఒప్పుకోలె, దాన్ని తగ్గించుకున్నరు. లైసెన్స్ స్వేచ్ఛదే కాబట్టి, నచ్చనోళ్లు ఆ కోడే తీసుకొని వేరే కుంపటి పెట్టుకున్నరు. ఊరుమ్మడి చెరువుకు ఉన్న బలం గదే. ఎల్ఎంఎంఎస్ అని ఇంకోటి, బీటు కట్టుడుకు ఎఫ్ఎల్ పోలిక. కని మామూలుగ దొరికే వర్షన్ల గొంతు రికార్డింగ్ లేదు. అందుకే బీటు దాంట్ల కట్టి, గొంతు ఆడాసిటీల ఎక్కించుకోవాలె. పెద్దది ఆర్డోర్. స్టూడియో పనంత అయితది. కోడ్ ఉచితం, తయారుచేసి పెట్టిన ప్రోగ్రాం వాళ్ల సైట్ల కావాల్నంటె చిన్న మొత్తం అడుగుతరు. లినక్స్ ఎక్కించుకుంటె ఉబుంటు, డెబియన్లల్ల ఊకెనే దొరుకుతది.

ఇండ్ల కష్టం లేదని అబద్ధం చెప్ప. లినక్స్ల విండోస్ ప్లగిన్లు చానమట్టుకు సక్కగ నడువయి. కీబోర్డుల లెక్క వాయిద్యాలు తయారుగ ఉండయి. యూట్యూబ్‌ల నేర్పే వీడియోలన్ని ఎఫ్ఎల్ మీదనే, మన తెలుగుల మరీ ఎక్కువ. ఒక్కడు ఊర్ల కూసోని ఆర్డోర్ నేర్చుకోవాల్నంటె ఓపిక కావాలె. నాకు ఆరు నెలలు పట్టింది, ఇప్పటికి సగమే వస్తది.

మరి అసలు మనకు ఏం ఫీచర్లు కావాలె? నేను స్టూడియోలు తిరిగి సూసిన కాడికి, రెండు వందల ప్లగిన్ల కట్ట ఎక్కించుకున్నోడు గూడ రోజు వాడేది ఏడెనిమిది. గొంతు ఆలస్యం లేకుంట రికార్డ్ కావాలె, అంటె ఏసియో డ్రైవర్ సక్కగ ఉండాలె. పది ఇరవై ట్రాకులు. ఈక్యూ, కంప్రెసర్, రివర్బ్. శ్రుతి సదురుకునే సాధనం. ఆఖరుకు వేవ్ ఫైల్ బయటికి రావాలె. ఇవన్ని రీపర్ల మొదలుకెళ్లే ఉన్నయి. ఆర్డోర్ల గూడ శ్రుతి సదురుడు తప్ప తక్కినయి ఉన్నయి. శ్రుతి సాధనం గురించి ఒక మాట అంటె కోపానికి రావొద్దు. అందరు దాన్ని ఆఖరు దాక తిప్పి, నాట్ల పాట పాడే అవ్వను, కాలేజీ పిల్లను ఒకే గొంతు చేస్తున్నరు. దప్పు గూడ అంతే. ఒక్క క్రాక్ ప్యాక్‌లున్న దప్పు సప్పుడే ఆదిలాబాద్ కాడికెళ్లి ఖమ్మం దాక ఇనవడ్తది. మీ వాడల దప్పు కొట్టేటోళ్లు లేరా? మంట కాడ కాగవెట్టిన దప్పును మైకు ముందట కొట్టిపియ్యుండ్రి. ఆయనకు కూలి ఇయ్యుండ్రి. ఆ సప్పుడు లైసెన్స్ మీదే.

లూపుల కాడ ఇంకో గాలం ఉన్నది. రాయల్టీ లేని లూప్ అని కొన్నా, అది నీ ఒక్కనిది కాదు, వేలమందికి అమ్మిండు. యూట్యూబ్ కంటెంట్ ఐడీల ఎక్కించాల్నంటె ఆ సప్పుడు మీద నీకొక్కనికే హక్కు ఉండాలె. ఆ నియమం తెలువక ఒకడు లూపుతోని ఉన్న పాటను ఎక్కిస్తె, అదే లూప్ వాడిన ఇంకొకని పాట మీద క్లెయిం వడ్తది. రెండు జానపద ఛానళ్ల నడుమ ఇసువంటి పంచాయితికి నేనే పెద్దమనిషిగ కూసున్న. ఇద్దరు కొన్నది ఒకే సప్పుడు. ఇద్దరిది తప్పు కాదు, ఇద్దరి పైసలు ఆగినయి.

ఇది ఒక్కొక్కడు ఇంట్ల కూసోని ఏగే పని కాదు. కేరళల సర్కారు బళ్లల్ల 2000ల నడుమకెళ్లి కంప్యూటర్ సదువు స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ మీదనే నడుస్తున్నది. ఆడి పిల్లలు బడిల్నే లినక్స్ సూస్తరు. మన హైదరాబాద్ల స్వేచ్ఛ అనే సంస్థ ఏండ్ల సంది ఇదే పని మీద తిరుగుతున్నది, కని సర్కారు చెయ్యి వెయ్యకుంటె ఊర్ల దాక రాదు. పాటతోని వచ్చిన రాష్ట్రం అని ప్రతి మీటింగుల అంటరు గదా. మండలానికొక లైబ్రరీల ఒక అర్ర, రెండు మైకులు, ఆర్డోర్ ఎక్కించిన ఒక కంప్యూటర్ పెట్టుడుకు లైసెన్స్ ఖర్చు సున్న. అడిగిన నేను, ఇద్దరు ఎమ్మెల్యేలను. ఒకాయన "మంచి ఆలోచన, అప్లికేషన్ ఇయ్యి" అన్నడు. ఇంకొకాయన తన పుట్టినరోజు పాట ఎంతల అయితదని అడిగిండు.

మా పక్కింటి పోరని లాప్‌టాప్ కాడికి వస్తె, తోక తగిలిన ఫైళ్లు తెరుసుకోలె. హైదరాబాద్ల ఇద్దరికి సూపిచ్చినం, కాదన్నరు. కని రికార్డింగ్ నాడు వాడు అవ్వ మనుమరాలికి ఇనిపియ్యాలని పెన్‌డ్రైవ్ల తొమ్మిది పాటల గొంతు ఒక్కటే, వేవ్ ఫైళ్లు, ఏసిచ్చి మర్సిపోయిండు. మనుమరాలి బీరువాల దొరికినయి. ఐదు పాటలు పోయినయి.

ఇప్పుడు రీపర్ల మొదలువెట్టిండు, 60 దినాలు నడుస్తున్నయి. పైసలు జమ చేస్తున్నడు. ప్రతి పాట అయిపోంగనే గొంతు, దప్పు, కీబోర్డు దేనికది మొదటి సెకను నుంచి ఆఖరు దాక వేవ్ ఫైల్ తీసి, పాట పేరు, పాడినోళ్ల పేరు, తారీఖు పెట్టి దాసిపెట్టుమని చెప్పిన. ఏ సాఫ్ట్‌వేర్ మూతవడ్డా, ఆ ఫైళ్లు ఇంకో దాంట్ల వరుసగ పేరిస్తె పాట మల్ల లేస్తది. నిన్న రాత్రి ఫోన్ చేసిండు. "కాకా, పాతయి దొరికినకాడికి తీసిన, 11 జీబీ అయినయి, యాడ పెట్టాలె?" అని. పెన్‌డ్రైవ్ కొనుమన్న. ఒకటి కాదు, రెండు కొను, ఒకటి అవ్వ మనుమరాలి బీరువాల్నే పెట్టు అన్న.